ముందు వరసలో కూర్చోండి

విస్సన్నపేటలో పాటకు కరువేమీ లేదు. శ్రీరామనవమి పందిట్లో పాట, వినాయక చవితికి తొమ్మిది రోజులూ పాట, పెళ్లి ఊరేగింపులో డీజే, తెల్లవారకముందే గుడి మైకులో సుప్రభాతం, నూజివీడు బస్సులో డ్రైవరుకి నచ్చిన పాత పాటలు. పండగ వస్తే ఆర్కెస్ట్రా వాళ్లు లారీడు స్పీకర్లు దింపుతారు. ఇన్ని పాటల మధ్య పుట్టి పెరిగినవాళ్లకి కూడా ఒక్క అనుభవం దక్కకుండానే జీవితం గడిచిపోవచ్చు. ముగ్గురో నలుగురో వాద్యగాళ్లు, వాళ్లకు ఎదురుగా యాభై అరవైమంది శ్రోతలు, మధ్యలో పది అడుగుల దూరం, మైకు లేకపోయినా చివరి కుర్చీ దాకా వినిపించేంత నిశ్శబ్దం. ఆ అనుభవాన్ని ఎలా సంపాదించుకోవాలో చెప్పడానికే ఈ అధ్యాయం.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో కచేరీ గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ తరహా పుస్తకాలు తిరగేసి చూడండి. మాట్లాడ్డం నేర్పేవే అన్నీ. ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి, పదిమందిలో ఎలా మాట్లాడాలి, పై అధికారితో ఎలా మాట్లాడాలి. వినడం దగ్గరికొచ్చేసరికి ‘శ్రద్ధగా వినండి’ అని ఒక్క ముక్క చెప్పి పేజీ తిప్పేస్తాయి. శ్రద్ధ ఎక్కణ్ణించి వస్తుందో, అది ఎలా ఉంటుందో చెప్పవు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ మన జవాబు మనం కూర్చుకుంటూ ఉండటం అందరికీ ఉన్న రోగమే. చిన్న కచేరీలో వాయించేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. పక్కవాడు వాయిస్తున్నది వినకుండా తన వంతు గురించి ఆలోచిస్తే తాళం తప్పుతుంది, అందరి ముందూ దొరికిపోతారు. వినడాన్ని వృత్తిగా పెట్టుకున్నవాళ్లను పది అడుగుల దూరం నుంచి చూడటానికే మీరు కచేరీకి వెళ్లాలని నేనంటాను. రాగాల పేర్లు తెలియకపోతే నష్టమేమీ లేదు. అవి వద్దన్నా తర్వాత వచ్చి పడతాయి.

మొదటి పాఠం పెళ్లిపందిట్లో

మొదటి పాఠానికి బెజవాడ దాకా కూడా వెళ్లక్కర్లేదు. ఊళ్లో ఏ పెళ్లికి పిలిచినా ముహూర్తానికి గంట ముందు చేరుకోండి. టిఫిను కానిచ్చి, కుర్చీ ఒకటి లాక్కెళ్లి సన్నాయి మేళం పక్కన వేసుకోండి. చుట్టాలు నవ్వితే నవ్వనివ్వండి. రెండు సన్నాయిలు, ఒక డోలు, తాళం, శ్రుతి. అంటే అయిదుగురికి మించని బృందం. వాళ్లను నడిపించడానికి ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడేవాడు లేడు, ముందు కాగితం లేదు.

పెద్ద సన్నాయికి దారంతో వేలాడే పీకలు కనిపిస్తాయి. నోట్లో ఉన్నది మొరాయిస్తే మార్చుకోవడానికి అవి. డోలు వాయించే ఆయన ఒక చేతి వేళ్లకు గట్టి తొడుగులుంటాయి, రెండో చేతిలో పొట్టి కర్ర ఉంటుంది. ఇవన్నీ ఒక నిమిషం చూసి, తర్వాత ఒకే ఒక్క సంగతి మీద చెవి పెట్టండి. పెద్ద సన్నాయి ఊపిరి కోసం ఆగినప్పుడు రెండో సన్నాయి ఏం చేస్తోంది? ఆ స్వరాన్ని వదలకుండా పట్టుకునో, చివరి ముక్కను తను మళ్లీ పలికో పాట తెగకుండా నిలబెడుతుంది. మీకు ఇన్నాళ్లూ ఒకటే సన్నాయిలా వినిపించింది నిజానికి ఇద్దరి ఊపిరి.

ఇక అసలు చూడాల్సిన ఘట్టం. పురోహితుడు చెయ్యెత్తి ‘భజంత్రీలు, భజంత్రీలు’ అని పూర్తిగా అననైనా అనడు, డోలు ఉరకలు వేస్తుంది. మనం అక్షతలు అందుకునే హడావుడిలో ఉంటాం కాబట్టి గమనించం గానీ, డోలాయన కన్ను అంతకు చాలాసేపటి ముందు నుంచీ ఆ పురోహితుడి చేతి మీదే ఉంది. కీర్తన ఎక్కడ నడుస్తోందో చెవి చూసుకుంటోంది, మంత్రం ఎంతవరకూ వచ్చిందో కన్ను చూసుకుంటోంది. ఈ ఒక్క దృశ్యం చూడగలిగితే రేపు ఏ కచేరీకి వెళ్లినా మీకు కొత్తగా అనిపించదు. సన్నాయిని పెళ్లి సామగ్రిలో ఒకటిగా లెక్కేసేవాళ్లకు ఒక పేరు గుర్తు చేయాలి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా ఈ వాద్యంతోనే శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకున్నారు.

బృందంలో పదోవాడు, కచేరీలో రెండోవాడు

పెద్ద బృందంలో వాయించే మనిషి నలుగురి మధ్యకు వచ్చి కూర్చుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలియని విషయం కాదు. మన రేడియో నడిచిందే అలా. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి నిలయ విద్వాంసులు లలిత గీతానికీ, సంగీత రూపకానికీ, భక్తిరంజనికీ వాద్యబృందంలో ఒకరై వాయించేవారు. సభల్లో కచేరీకి కూర్చుంటే అదే ఫిడేలు, అదే మృదంగం ఒంటరిగా నిలబడాలి. అన్నవరపు రామస్వామి గారి సంగతే తీసుకోండి. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1926లో పుట్టారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు. 1948 నుంచి 1986 దాకా విజయవాడ రేడియోలో ఉద్యోగం, మరోపక్క పెద్ద పెద్ద విద్వాంసులకు వయొలిన్ సహకారం. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతి గారికీ వచ్చింది. మృదంగం ఆడవాళ్ల వాద్యం కాదని పెద్దలు తేల్చేసిన రోజుల్లో దాన్ని ఒళ్లో పెట్టుకున్న మనిషి ఆమె.

బృందంలో వయొలిన్లు అరడజను ఉంటే ఒకరు కాస్త తడబడినా మిగతావాళ్ల ధ్వనిలో కలిసిపోతుంది. ఏం వాయించాలో ముందే రాసి ఉంటుంది. కచేరీలో ఆ రెండు రక్షణలూ పోతాయి. గాయకుడు ఈ పూట తోడి రాగాన్ని పెంచుతాడో, కాంభోజి రాగాన్ని పెంచుతాడో పక్కన ఫిడేలు పట్టుకున్నాయనకు తెలియకపోవచ్చు. ఆలాపన మొదలుపెట్టాక ఒక్కో మలుపునూ విని, రెప్పపాటులో దాని నీడలా తన కమానుతో వెంట రావాలి. ఆలాపన ముగిశాక తన వంతు వస్తుంది. అప్పుడు గాయకుడి దారినే నడుస్తూ తన సొంత మాట ఒకటి కలపాలి. ఎక్కువ కలిపితే పొగరంటారు. అసలు కలపకపోతే నిద్రపోయాడంటారు.

ఈమని శంకరశాస్త్రి గారు ద్రాక్షారామంలో 1922లో పుట్టారు. మద్రాసు జెమిని స్టూడియోలో సినిమా సంగీతం చూశారు, తర్వాత ఢిల్లీలో ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపించారు. అంతమందికి స్వరాలు పంచి వాయింపజేసిన మనిషి, తన కచేరీ వచ్చేసరికి ఒక వీణ, పక్కన మృదంగం, అంతే. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు కూడా మద్రాసు సినిమా రికార్డింగుల్లో వీణ వాయించి వాయించి తర్వాత కచేరీ వేదిక మీద స్థిరపడ్డవారే. వీణ మీద కోయిలను కూయించిన ఆయన ‘కొమ్మలో కోయిల’ యూట్యూబులో దొరుకుతుంది, వినండి. విన్నాక ఎక్కడైనా వీణ కచేరీ ఉందంటే తప్పకుండా వెళ్లండి. ఎందుకంటే వీణ ధ్వని చాలా చిన్నది. మీటిన తర్వాత తీగ మీద మిగిలే సన్నని తోక ఉంటుంది చూడండి, స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకం చాలావరకు ఆ తోకలోనే జరుగుతుంది. స్పీకరు దాన్ని పెద్దది చేయబోయి చంపేస్తుంది. దగ్గర కూర్చున్నవాడికే అది దక్కుతుంది.

వీణ మీ పొరుగు ఊరి వస్తువని కూడా గుర్తుపెట్టుకోండి. మామిడిపళ్లకు పేరుపడ్డ నూజివీడులోనే పనసకర్రతో వీణలు చేసే పనివాళ్లున్నారు. బొబ్బిలి వీణ గురించి అందరికీ తెలుసు, నూజివీడు వీణ గురించి నూజివీడు వాళ్లే అంతగా చెప్పుకోరు. పిల్లల్ని తీసుకుని ఒక ఆదివారం వెళ్లి, వాళ్ల పనికి అడ్డం రాకుండా, ఆ ఇరవై నాలుగు మెట్లనూ మైనంలో ఎలా కుదురుస్తారో చూసి రండి. మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం మారిపోతుంది. ఒకసారి అది చూసినవాళ్లు కచేరీలో వైణికుడు శ్రుతి చేసుకుంటుంటే విసుక్కోరు.

బెజవాడ ప్రయాణం

ఇక మనం బస్సెక్కుదాం. మైలవరం మీదుగా వెళ్లినా, నూజివీడు మీదుగా వెళ్లినా సాయంత్రం కచేరీకి మధ్యాహ్నమే బయల్దేరడం మంచిది. ఆలస్యంగా చేరితే వెనక నిలబడాలి, వెనక నిలబడితే మనం వచ్చిన పని కాదు.

బెజవాడలో పెద్ద సభలకు తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉంది. అక్కడ మైకులు తప్పవు, బాల్కనీలో కూర్చుంటే మనుషులు చిన్నగా కనిపిస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఘంటసాల పేరున ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాల లాంటి చోట్ల జరిగే చిన్న కార్యక్రమాలు నయమని నా ఉద్దేశం. విద్యార్థులు వాయిస్తున్నారని చిన్నచూపు వద్దు. వాళ్ల భయం, వాళ్ల ఏకాగ్రత రెండూ పైకి కనిపిస్తాయి కాబట్టి వినడం నేర్చుకునేవాడికి అవే మేలు. ఆ కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. ఆయన పాట అందరికీ తెలుసు. వయొలిన్, వయోలా, మృదంగం, కంజిర కూడా వాయించేవారన్నది కొందరికే తెలుసు. పక్కవాడి కష్టం ఏమిటో చేత్తో తెలిసిన గాయకుడి కచేరీ వేరుగా ఉంటుంది.

ఏ రోజు వెళ్లాలో తేల్చుకోలేకపోతే పుష్య బహుళ పంచమి పెట్టుకోండి. 1847 జనవరిలో త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి అది. ఏటా ఆ తిథి చుట్టుపక్కల తెలుగునాట చాలా ఊళ్లలో ఆరాధన ఉత్సవాలు జరుగుతాయి. బాలమురళి ఎనిమిదేళ్ల పిల్లవాడిగా తొలి కచేరీ చేసింది కూడా బెజవాడ త్యాగరాజ ఆరాధనలోనే. ఆరాధనలో గోష్ఠిగా పాడే పంచరత్న కీర్తనలు అయిదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఉంటాయి, అన్నీ ఆదితాళమే. నాట రాగంలోది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. ఇక్కడ మనకొక అదృష్టం ఉంది. మద్రాసు సభల్లో పాతికేళ్లుగా ముందు వరసలో కూర్చునే తమిళ రసికుడు అర్థం కోసం పుస్తకం తిరగేయాల్సిన సాహిత్యం మనకు అమ్మ మాట. ఆ అదృష్టాన్ని మనం వాడుకోకపోవడం వేరే కథ.

కాబట్టి ఇంటి దగ్గర చేయాల్సిన తయారీ పెద్దది కాదు. ఒక కీర్తన ఎంచుకోండి. ‘నగుమోము’ అనుకుందాం. వారం రోజులు పొలం వెళ్తూనో, వంట చేస్తూనో సాహిత్యం నోటికి వచ్చేదాకా వినండి. తర్వాత అదే కీర్తన వయొలిన్ మీద వినండి. వయొలిన్ మీద మాట పలకదు గదా, కానీ మీకు మాటలే వినపడతాయి. కమాను ఎక్కడ ఆగి మళ్లీ కదిలిందో అక్కడ అక్షరం మారిందన్నమాట. వాద్య కచేరీ మనకు అర్థం కాదనే భయం దీంతో సగం పోతుంది.

మిగతా సగం తాళంతో పోతుంది. ఆదితాళం ఎనిమిది లెక్క. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు. ఇవి నాలుగు. ఆ పైన దెబ్బ, చెయ్యి తిప్పి విసురు, దెబ్బ, విసురు. ఇవి నాలుగు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే బెజవాడ చేరేలోపు చేతికి పట్టుబడుతుంది. కచేరీలో వేసేటప్పుడు మాత్రం చప్పుడు కాకుండా వేయండి. మన తాళం మన తొడకు తెలిస్తే చాలు. తప్పుడు తాళం గట్టిగా వేసే రసికుణ్ణి ముందు వరసలో చూస్తే మృదంగం ఆయనకు ప్రాణం మీదకొస్తుంది.

కుర్చీలో కూర్చున్నాక

శ్రుతి చేసుకోవడం దగ్గర నుంచే కచేరీ మొదలైందనుకోండి. మృదంగం కుడి మూత అంచున రాతితో, చెక్కతో తట్టి తట్టి చూసుకుంటారు. ఎడమ మూతకు తడిపిన బొంబాయిరవ్వ ముద్ద అద్దుతారు. ఆ ముద్ద వల్లే దానికి ఆ గంభీరమైన గుముకు వస్తుంది. కచేరీ మధ్యలో అది ఎండిపోతే ఒక చేత్తో వాయిస్తూనే రెండో చేత్తో తడి చేస్తారు. వయొలిన్ ఆయన బాసింపట్టు వేసుకుని, వాద్యం తలను పాదం దగ్గర ఆనించి, రెండో వైపును ఛాతీకి ఆనించి కూర్చుంటారు. పాశ్చాత్యులు గడ్డం కింద బిగించి పట్టుకుంటారు. మన గమకం కోసం మన పెద్దలు వాద్యాన్ని నేలకు దించారు, తీగల శ్రుతి కూడా షడ్జమ పంచమాలకు మార్చేశారు. పక్కనుంచి చూస్తే తీగల కింద చెక్క మీద తెల్లటి పొడి రాలి ఉంటుంది. కమానుకు రుద్దిన రోజనం అది.

వెళ్లిన మొదటి రోజున అన్నీ వినాలని చూడకండి. మొదటి కీర్తన అంతా మృదంగం ఒక్కటే వినండి. రెండో కీర్తనలో వయొలిన్ ఒక్కటే. మూడో దానిలో ఏ వాద్యాన్నీ వినొద్దు, వాళ్ల ముఖాలు చూడండి. ఎవరు ఎవరిని చూస్తున్నారు? చూపు ఎప్పుడు కలుస్తోంది? అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనలో గాయకుడు ఒక లెక్క వేసి వదిలితే వయొలిన్ అదే లెక్కలో జవాబిస్తుంది, మృదంగం ఇద్దరి లెక్కనూ కలిపి ముక్తాయిస్తుంది. ముగ్గురూ ఒకే దెబ్బ మీద దిగినప్పుడు ముఖాల మీద చిరునవ్వు కనిపిస్తుంది. అది మన కోసం నవ్విన నవ్వు కాదు. ఆ క్షణంలో మనం లేం, వాళ్లు ముగ్గురే ఉన్నారు. అది చూడటానికే ముందు వరస.

మన కచేరీలో ‘ఆహా’ అనొచ్చు, ‘భళా’ అనొచ్చు, తల ఊపొచ్చు. మౌనంగా బిగుసుకుని కూర్చుంటే విద్వాంసులకు బెంగ పుడుతుంది. ఫోను మాత్రం తీయొద్దు. ముందు వరసలో ఫోనెత్తి వీడియో తీసేవాడు వెనకవాళ్లకు వేదిక కనపడకుండా చేస్తాడు, తను తెరనే చూస్తాడు. ఆ వీడియోను ఇంటికెళ్లాక అతను కూడా చూడడు.

తని ఆవర్తనం గురించి విడిగా చెప్పాలి. ప్రధాన కీర్తన తర్వాత పాట ఆగిపోయి మృదంగం, దానితో ఘటమో కంజిరో ఉంటే అది కూడా, తామే వాయించుకునే ఘట్టం అది. సరిగ్గా అప్పుడే సభలో సగంమంది కాఫీకి లేస్తారు. అన్ని ఊళ్లలోనూ ఇదే తీరు, మద్రాసు కూడా మినహాయింపు కాదు. పాడేవాడు ముఖ్యం, కొట్టేవాడు కాదన్న పాత అహంకారం ఇందులో ఉందని నా అనుమానం. మీరు లేవకండి. మృదంగం ఒక పెద్ద వాక్యం పలుకుతుంది, ఘటం అదే పొడవులో జవాబు చెబుతుంది. తర్వాత వాక్యం సగమవుతుంది, దానిలో సగమవుతుంది, ఆఖరికి ఒక్కో దెబ్బకు ఒక్కో దెబ్బ. అక్కణ్ణించి ఇద్దరూ కలిసి ముగింపు లెక్కకు, అంటే తీర్మానానికి, పరుగెడతారు. రాగజ్ఞానం సున్నా ఉన్నవాడికి కూడా పూర్తిగా అర్థమయ్యే ఘట్టం కచేరీలో ఏదైనా ఉందంటే ఇదే. ఆఖరి బస్సు కోసం లేవక తప్పనివాళ్లు అంతకుముందు ఏదో ఒక కీర్తన ముగిసినప్పుడు, చప్పట్లలో కలిసిపోయి లేవండి.

నాలుగు తీగవాద్యాలు

ఉద్యోగాల కోసం హైదరాబాదు చేరిన పిల్లలు ఉన్నవాళ్లకు ఇంకో తలుపు తెరిచి ఉంది. అక్కడ గోథే కేంద్రం, అలయన్స్ ఫ్రాంసేజ్ లాంటి సంస్థలు అప్పుడప్పుడూ పాశ్చాత్య సంగీతం చిన్న కచేరీలు పెడుతుంటాయి. ముంబయిలో 2006లో ఏర్పడ్డ సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాలోని వాద్యగాళ్లు కూడా పెద్ద సింఫనీలతో పాటు ముగ్గురు నలుగురుగా విడిపోయి ఇలాంటివి వాయిస్తారు. సింఫనీకి ఎనభై తొంభైమంది కావాలి, నిలబడి నడిపించే కండక్టరు కావాలి. చిన్న కచేరీలో మనిషికొక వరస, నడిపించేవాడు లేడు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో కలిస్తే దాన్ని క్వార్టెట్ అంటారు. మొదలుపెట్టేముందు మొదటి వయొలిన్ వాయించేవారు ముక్కుతో గట్టిగా ఊపిరి పీలుస్తారు. దగ్గర కూర్చుంటే వినిపిస్తుంది. మిగతా ముగ్గురికీ అదే సంజ్ఞ.

మొదట వినడానికి ఒకటి చెప్పమంటే హైడన్ 1797లో రాసిన ‘ఎంపరర్’ క్వార్టెట్‌లో రెండో భాగం చెబుతాను. ఒక నెమ్మదైన వరసను మొదటి వయొలిన్ వినిపిస్తుంది. తర్వాత అదే వరసను ఒక్క స్వరం మార్చకుండా రెండో వయొలిన్, ఆపైన చెలో, ఆపైన వయోలా, చివరికి మళ్లీ మొదటి వయొలిన్ అందుకుంటాయి. ఒకరు వరస చెబుతుంటే మిగతావాళ్లు చుట్టూ ఏదో ఒకటి అల్లుతుంటారు. పాట మారదు, దాని పక్కనున్నవాళ్ల ప్రవర్తన మారుతుంది. ఆ వరసే ఇవాళ జర్మనీ జాతీయగీతం. యూట్యూబులో వాయించేవాళ్లను చూస్తూ రెండుసార్లు విని వెళ్లండి. అక్కడి మర్యాద వేరు. ఒక రచనలో మూడు నాలుగు భాగాలుంటాయి, భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టరు, ‘ఆహా’ అనరు. అనుమానంగా ఉంటే పక్కవాళ్లు కొట్టాక కొట్టండి. ఆ నియమం నాకు కాస్త అతిగానే అనిపిస్తుంది గానీ, వాళ్లింటికి వెళ్లినప్పుడు వాళ్ల పద్ధతి.

కచేరీని ఇంటికి పిలవండి

కచేరీ అయ్యాక వేదిక దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి. ‘చాలా బాగుందండీ’ అని దణ్ణం పెట్టి వచ్చేస్తే వాళ్లకూ మనకూ ఏమీ మిగలదు. చూసిన సంగతి అడగండి. “ఆ కల్యాణిలో మీరిద్దరూ ఒకచోట నవ్వుకున్నారు, ఏమైందండీ?” అని అడిగితే వాళ్ల కళ్లు వెలుగుతాయి, పది నిమిషాలు వదలరు. ఆ పరిచయం ఊరికే పోనివ్వకండి.

ఎందుకంటే మైకు లేని సంగీతానికి అసలైన చోటు ఇల్లు. ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలును ప్రపంచ ప్రసిద్ధ వయొలినిస్టు యెహూదీ మెనూహిన్ విని మెచ్చుకున్నది సభలో కాదు, మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ గారింట్లో. విస్సన్నపేటలో మండువా లోగిళ్లు తగ్గిపోయాయి గానీ, ముప్ఫైమంది చాప మీద పట్టే హాళ్లు బోలెడున్నాయి. గృహప్రవేశానికో, షష్టిపూర్తికో ఇద్దరు ముగ్గురు వాద్యగాళ్లను పిలవడానికి అయ్యే ఖర్చు డీజే ఖర్చును మించనక్కర్లేదు. ఎంతవుతుందో ముందే విప్పి మాట్లాడుకోండి. ‘కళాకారులు గదా, డబ్బు ప్రసక్తి ఎలా తెస్తాం’ అనే మొహమాటం చివరికి వాళ్లకే నష్టం. రానూపోనూ చార్జీలు, భోజనం మీవే. వచ్చీరాగానే బలవంతంగా భోజనానికి కూర్చోబెట్టకండి, నిండు కడుపుతో పాడటం కష్టం. ఫలహారం పెట్టి, అసలు భోజనం కచేరీ అయ్యాక వడ్డించండి.

నేల మీద జంపఖానా పరచండి, వాళ్లకు గోడ వెనక ఉండాలి. గోడ ధ్వనిని మన వైపు తిప్పుతుంది. నున్నటి పలకరాళ్ల హాలైతే ధ్వని గింగుర్లెత్తుతుంది, కిటికీలకు దుప్పట్లు వేలాడదీస్తే సర్దుకుంటుంది. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి, విసుగొచ్చినవాళ్లు లేచి వెళ్లడానికి పక్కగా దారి వదలండి. వెళ్లొద్దని కళ్లెర్రజేస్తే ఆ పిల్లలు మళ్లీ కచేరీ ముఖం చూడరు. సీలింగు ఫ్యాను చప్పుడు వీణకు బద్ధశత్రువు. అది కట్టేయాల్సిందే, కాబట్టి ఎండాకాలం పెట్టుకోకుండా మాఘమాసం చూసుకోండి. కరెంటు పోతుందని భయం అక్కర్లేదు. కరెంటుతో పనిబడేది శ్రుతిపెట్టె ఒక్కదానికే, అది బ్యాటరీ మీద కూడా నడుస్తుంది.